గోళ్ళ బిళ్ళ

ఉదయం తొమ్మిదీ ఐదు. లాండ్రీ గేటు దగ్గర రిజిస్టరులో మా ఆవిడ సంతకం పెట్టింది, ఆ కింద నేను పెట్టాను. "వచ్చిన పని" అన్న గడిలో ఆవిడ "హత్య" అని రాసింది. వాచ్‌మన్ అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మా ఆవిడ డిటెక్టివ్. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ రసాయన పరీక్షా కేంద్రంలో పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూచోలేక బోర్డు పెట్టింది. నేను కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. నేనూ రిటైరయ్యాను గానీ నా షార్ట్‌హ్యాండ్ కాలేదు. ఎదుట ఎవరు నోరు విప్పినా నా చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు కూడా తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి.

కేసు ఇది. పోయిన గురువారం సాయంత్రం ఆరింటికి ఈ లాండ్రీ మేస్త్రీ మడతల గదిలో దుప్పట్ల కుప్ప మీద చనిపోయి కనిపించాడు. దెబ్బ లేదు, గాయం లేదు. రక్తంలో నిద్రమందు ఉంది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆయనకి ఫ్లాస్కులో కాఫీ తెచ్చినవాడు బావమరిది. అతను పనిచేసేది మందుల షాపులో. పైగా ముందు రోజే బావతో గొడవపడ్డాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆ కుర్రాణ్ణి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి జైలుకి పంపిస్తారు.

మేస్త్రీ భార్య నిన్న మా ఇంటికి వచ్చింది. "మొగుడు పోయాడు, తమ్ముడు పోతున్నాడు. వాడికి అమ్మా నాన్నా అన్నీ నేనేనండీ" అంది. మా ఆవిడ అడగవలసినవన్నీ అడిగి, చివర్లో మేస్త్రీ ఏమైనా మందులు వాడేవాడా అని అడిగింది. "జ్వరం బిళ్ళ కూడా మింగే మనిషి కాదండీ" అందావిడ. అదీ రాసుకున్నాను.

లాండ్రీలో ఉతికేవన్నీ ఆస్పత్రి దుప్పట్లు. తడి దుప్పటి ఒక పక్క పెడితే వేడి రోలర్ కింద నుంచి పొడిగా, చదునుగా రెండో పక్కకి వస్తుంది. ఆ రోలర్ దగ్గర నిలబడే ఆవిణ్ణి అందరూ రోలర్ అక్క అంటారు. యాభై ఏళ్ళుంటాయి. మాతో మాట్లాడుతున్నంతసేపూ చేతులు దుప్పట్లు అందిస్తూనే ఉన్నాయి.

"గురువారం మేస్త్రీ గారు ఎన్నింటికి పడుకున్నారు?" అని అడిగింది మా ఆవిడ.

"పదింబావుకి కళ్ళు మూతలు పడ్డాయి. పదిన్నరకి కుప్ప మీద వాలిపోయాడు."

"ముందు రాత్రి డ్యూటీ చేశాడా?"

"లేదమ్మా. ఆ వారమంతా పగలే."

"మరి పొద్దున పదిన్నరకి నిద్రేమిటి?"

"నాకూ అదే అర్థం కాలేదు. పదకొండింటికి ఆస్పత్రి వాళ్ళు తనిఖీకి రావాలి, ఆర్నెల్లకోసారి వస్తారు. బాయిలర్ వేడి ఎక్కట్లేదు, రోగుల దుప్పట్లు సగం ఉడికీ ఉడక్కుండానే వెళ్ళిపోతున్నాయని ఆయన రోజూ ఒక పుస్తకంలో వేడి ఎంతో రాసుకునేవాడు. ఇవాళ వాళ్ళ ముందు పెట్టేస్తానని పొద్దున్నే అందరికీ చెప్పాడు. తీరా వాళ్ళు వచ్చేసరికి ఈయన గుర్రు పెడుతున్నాడు. భుజం పట్టి కుదిపినా లేవలేదు."

"ఆ పుస్తకం?"

"ఆ రోజు నుంచీ లేదు."

"బావమరిది వచ్చినప్పుడు?"

"మూడింటికి వచ్చాడు. బావా, బావా అని పిలిచాడు. ఆయన ఉఁ అన్నాడో లేదో! 'లేచాక ఇవ్వు అక్కా, నిన్న నోరు జారాను, మనసులో పెట్టుకోవద్దని చెప్పు' అని ఫ్లాస్కు నాకిచ్చి వెళ్ళిపోయాడు."

"ఆ ఫ్లాస్కు పోలీసులకి ఖాళీగా దొరికింది. కాఫీ ఎవరు తాగారు?"

రోలర్ ఆగలేదు గానీ అక్క చేతులు ఆగాయి. ఒక దుప్పటి ముడతలతోనే అవతలికి వెళ్ళిపోయింది.

"నేనేనమ్మా" అంది మెల్లిగా. "చల్లారిపోతుందని మూడున్నరకి తాగేశాను. తరవాత పోలీసులొచ్చి దీన్లో విషం ఉంది, ఎవరు ముట్టుకున్నారని గద్దించేసరికి నా నోరు పెగల్లేదు. చచ్చినవాడి కాఫీ తాగిందంటారని సిగ్గు కూడా వేసింది."

"ఎంత తాగావు?"

"రెండు గ్లాసులు. మొత్తం."

"నిద్ర వచ్చిందా?"

"ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు."

మా ఆవిడ నా వైపు చూసింది. మొత్తం రాశాను. టైము తొమ్మిదీ ఇరవై మూడు.

"ఈ మాట మేజిస్ట్రేట్ ముందు చెప్తావా?"

"చెప్తాను. ఆ పిల్లాడు నన్ను అక్కా అన్నాడు. నాలుగు రోజులుగా నాకు అన్నం సయించట్లేదు."

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. మేనేజరు. చేతిలో కెటిల్ ఉంది. టీ వేళయింది అన్నాడు.

ఆ మేనేజర్ గురించి చెడ్డగా మాట్లాడిన మనిషి ఆ లాండ్రీలో మాకు దొరకలేదు. తొమ్మిదిన్నర టీ ఆయనే బాయిలర్ గదిలో ఆవిరి గొట్టం మీద కాచి, ఆయనే పోసి, ఆయనే అందిస్తాడు. గ్లాసులన్నీ గోడ మేకులకి వేలాడుతున్నాయి. ఏ దుప్పటి ఏ వార్డుదో తెలియడానికి అంచున రంగు దారం కుడతారు కదా, ఆ అలవాటే గ్లాసులకీ వచ్చింది. ప్రతి గ్లాసు మెడకీ ఒక దారం ఉంటుంది. రోలర్ అక్కది ఆకుపచ్చ. చచ్చిపోయిన మేస్త్రీది ఎర్ర దారం, ఇంకా మేకునే ఉంది. మాలాంటి వాళ్ళకి దారం లేని గ్లాసులు.

మా ఆవిడ టీ ముట్టదు. ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్న ముప్పై ఏళ్ళ అలవాటు, పరాయి చోట మంచినీళ్ళు కూడా తాగదు. నాకు అలాంటి నియమాలేవీ లేవు.

మేనేజర్ నా నోటుపుస్తకంలోకి తొంగి చూశాడు. "ఇదేం రాతండీ? కోడి కెలికినట్టుంది. ఎవరికైనా అర్థమవుతుందా?"

"నేను తప్ప దేవుడు కూడా చదవలేడు" అన్నాను గర్వంగా.

"అమ్మగారు?"

"ఆవిడకి నేనే అర్థం కాను, నా రాతేం అర్థమవుతుంది?"

ఆయన నవ్వాడు. అటు తిరిగి నా గ్లాసులో చక్కెర వేసి, బాగా కలిపి ఇచ్చాడు. తీపి మరీ ఎక్కువైంది. సగం తాగి, మిగిలింది కిటికీలో పెట్టాను.

మడతల గదిలోకి మేం వెళ్ళేసరికి తొమ్మిదీ యాభై. రెండు కిటికీలు, ఒక పొడుగాటి బల్ల, మూల దుప్పట్ల కుప్ప. ఇద్దరు ఆడవాళ్ళు మడతలు పెడుతున్నారు. మా ఆవిడ కుప్పనీ, కుప్ప నుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో కూడా కొలిచింది. పదిహేడు.

పది గంటలకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వాచ్‌మన్ ఫోన్ చేసి ఉంటాడు. ఈయనకీ మా ఆవిడకీ పాత లెక్కలున్నాయి. ఆవిడ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ ఆయన పంపిన శాంపిల్స్ సరిగ్గా సీలు వెయ్యలేదని తిప్పి పంపిస్తూ ఉండేది.

"మేడమ్, రిటైరైనవాళ్ళు పొద్దున్నే పార్కుకి వెళ్తారు" అన్నాడు.

"పార్కులో మీరు అరెస్టు చేసిన అమాయకులు ఉండరు కదా, అందుకని ఇటొచ్చాను."

ఆయన ఫైలు తీశాడు. "చూడండి. మందు ఒంట్లో పడ్డాక లివర్ దాన్ని వేరే రూపంలోకి మార్చేస్తుంది. ఇది మీ ల్యాబు వాళ్ళు చెప్పిందే. మేస్త్రీ రక్తంలో అసలు మందు బోలెడుంది, మారిన రూపం కాస్తే ఉంది. అంటే మింగి ఎంతోసేపు కాలేదు. చావు ఐదూ ఐదున్నర మధ్య, మింగింది మూడింటికి. మూడింటికి ఇక్కడున్నది బావమరిది. పొద్దున్నించీ పడుకున్నాడంటారా, పడుకోనీండి. లేచాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు."

"మూత్రం ఎంత ఉంది?"

"ఏంటీ?"

"పోస్టుమార్టం రిపోర్టు రెండో పేజీ. మూత్రాశయంలో."

ఆయన తిప్పి చూశాడు. "తొమ్మిది వందల మిల్లీలీటర్లు."

"పదిన్నరకి పడుకున్నవాడు మూడింటికి లేచి, పదిహేడు అడుగుల దూరంలో మరుగుదొడ్డి పెట్టుకుని, అటు వెళ్ళకుండా కాఫీ తాగుతాడా? మీరైతే తాగుతారా?"

మడతలు పెట్టే ఆడవాళ్ళు మూతికి దుప్పటి అడ్డం పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే రక్తం అబద్ధం చెప్పిందా?"

"రక్తం చెప్పింది నిజమే. మీరు విన్నది తప్పు." మా ఆవిడ కుప్పలోంచి ఒక దుప్పటి తీసింది. "ఒంట్లోకొచ్చిన పరాయి మందు నూనె మరకలాంటిది. నీళ్ళు పోస్తే పోదు. లివర్ దానికి సబ్బు పట్టించి నీళ్ళలో కరిగేట్టు చేస్తుంది. అప్పుడు కిడ్నీలు పిండి బయట పారబోస్తాయి. ఈ గదిలో మురికి బట్టలు ఎక్కువ, ఉతికినవి తక్కువ ఉంటే మీరేమనుకుంటారు?"

"లోడు ఇప్పుడే వచ్చిందనుకుంటాను."

"మిషన్ ఆగిపోయి కూడా ఉండొచ్చు కదా? అప్పుడు లోడు పొద్దున్నే వచ్చినా అలాగే ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడు కాదు. ఒక్క క్షణం ఆలోచించి ఫైలు మీద వేలు పెట్టాడు. "మిషన్ ఎందుకు ఆగుతుంది? లివర్ శుభ్రంగా ఉందని డాక్టర్ రాశాడు. తాగుడు లేదు. మందులేవీ వాడడని పెళ్ళామే చెప్పింది. చెప్పండి, ఎందుకు ఆగుతుంది?"

మా ఆవిడ చేతిలో దుప్పటిని అటూ ఇటూ తిప్పింది. ఆవిడ ఓడిపోవడం నాకు నచ్చదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను గానీ ఆవలింత వచ్చింది.

అప్పుడే మడతలు పెట్టే ఆవిడ, చేతిలో దుప్పటి ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. మా ఆవిడ దుప్పటి ఇవ్వకుండా ఆ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. రోజంతా నీళ్ళలో నానే చేతులు. గోళ్ళు మందంగా, పసుపుపచ్చగా, చివర్లు పొట్టు లేస్తూ ఉన్నాయి. మొదట్లో మాత్రం కొత్త గోరు. నున్నగా, గులాబీ రంగులో ఉంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య గీత గీసినట్టుంది.

"ఈ కొత్త గోరు మూడు నెలలది" అంది మా ఆవిడ. "మూడు నెలల కింద ఏం మందు మొదలుపెట్టావు?"

"మందేమీ లేదమ్మా."

"మందు లేకుండా ఈ పుచ్చు పోదు."

"ఒట్టమ్మా, మందేమీ లేదు. మా అందరికీ గోళ్ళు బాగయ్యాయి. గోళ్ళ బిళ్ళ ఇస్తారుగా!"

"బిళ్ళ మందు కాదా?"

"అయ్యో, అది మందేంటమ్మా! పొద్దున్నే గ్లవ్సూ సబ్బూ ఇస్తారు, దాంతోపాటు అదీ."

స్టోరు అలమరలో సబ్బు పెట్టె, గ్లవ్స్ కట్ట, వాటి పక్కనే ఒక డబ్బా నిండా మాత్రల అట్టలు. ఇరవై రెండు మంది పనివాళ్ళకి రోజుకొకటి చొప్పున. పాపం వీళ్ళ చేతులు చూడలేకపోతున్నానని మేనేజరే మూడు నెలలుగా తెప్పిస్తున్నాడట. అందరికన్నా ముందు మింగి ధైర్యం చెప్పింది మేస్త్రీ. భార్యతో చెప్పి ఉండడనుకున్నాం, గ్లవ్స్ ఇచ్చారని ఇంట్లో ఎవరు చెప్తారు?

మా ఆవిడ అట్ట వెనక సన్నక్షరాలు చదివి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చింది. "గోళ్ళకి మంచి మందే. కానీ ఈ నిద్రమందుకి సబ్బు పట్టించే తొట్టిలోనే ఇదీ దూరి కూచుంటుంది. రెండో మందుకి చోటివ్వదు. కడుపులో పడ్డ నిద్రమందు మామూలుగా రక్తంలోకి చేరేలోపే చాలా మటుకు విరిగిపోతుంది. వీళ్ళకి విరగదు. చేరింది బయటికి పోదు. మీకూ నాకూ ఒక పూట నిద్ర, వీళ్ళకి ఊపిరి ఆగేంత."

ఇన్‌స్పెక్టర్ అట్ట తిప్పి ఆ సన్నక్షరాలు తనూ చదివాడు. నిజాయితీపరుడే. ఒప్పుకోవడానికి కష్టపడతాడంతే.

"అంటే మింగింది పదింటి లోపలే" అన్నాడు చివరికి.

"గురువారం తొమ్మిదిన్నర టీ మేస్త్రీకి ఎవరు పోశారు?" అని మా ఆవిడ ఆ మడతలావిణ్ణి అడిగింది.

"ఎవరికైనా మేనేజర్ గారే కదమ్మా పోసేది."

మా ఆవిడ వాచీ చూసింది. పదీ ఇరవై ఐదు. మరుక్షణం తలెత్తింది.

"రోలర్ చప్పుడు ఎందుకు ఆగింది?"

రోలర్ అక్క గోడకి చేరబడి కూచుని ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. ఆకుపచ్చ దారం గ్లాసు ఒళ్ళో ఉంది, ఖాళీగా. మా ఆవిడ పిలిచింది, చెంప మీద తట్టింది. ఆ కుర్రాణ్ణి విడిపించగల మాట ఒక్కటే ఉంది, అది ఆ నోట్లో ఉంది. ఊపిరి వస్తోంది గానీ నిమిషానికి ఎనిమిదే. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నా చేతిలో పెట్టి, ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని జీపు దగ్గరికి పరిగెత్తాడు. మా ఆవిడ ఆకుపచ్చ దారం గ్లాసూ, కిటికీలో నేను వదిలేసిన గ్లాసూ రెండూ రుమాళ్ళలో చుట్టి సంచీలో వేసుకుంది.

ఆస్పత్రి పక్క వీధిలోనే. పదీ నలభై ఐదుకి డాక్టర్ చూశాడు.

"ఈవిడ మందులేమైనా వాడుతుందా?"

"ఏమీ వాడదండీ" అన్నారు వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే గొంతుతో. ప్రాణస్నేహితులు. అబద్ధం చెప్పే ఉద్దేశమే లేదు.

మా ఆవిడ మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. డాక్టర్ దాన్ని చూసి కలం కింద పడేశాడు. "ఇది చెప్పకపోతే వరండాలో పడుకోబెట్టి, రెండు గంటల్లో లేస్తుందని వదిలేసేవాణ్ణి" అన్నాడు. ఊపిరి మిషన్ తెమ్మని లోపలికి కేకలు వేస్తూ వెళ్ళిపోయాడు.

నేను బయట బెంచీ మీద కూచున్నాను. మేనేజర్ కూడా వెంటపడి వచ్చి నా పక్కనే కూచున్నాడు. అవతలి పక్క ఒక కానిస్టేబుల్. మా ఆవిడ నా మొహంలోకి చూసి, "ఏవండీ, ఆ టీ తాగారా?" అని అడగడం గుర్తుంది. "సగం" అన్నాను. ఆ తరవాత ఏమీ గుర్తు లేదు.

నాకు తెలివి వచ్చేసరికి నాలుగూ పది. నోరు అట్టకట్టుకుపోయింది. పక్కన మా ఆవిడ కూచుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అడిగితే ఫినాయిల్ ఘాటంటుంది.

"గోళ్ళ బిళ్ళ మింగని లివర్ కదా, దాని పని అది చేసింది" అంది. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో నాలో ఒక భాగాన్ని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు.

పక్క మంచం మీద రోలర్ అక్క. నోట్లో గొట్టం, పక్కన మిషన్. ఇద్దరం ఒకే కెటిల్లో టీ తాగాం. ఆవిడ లేవడానికి రేపు మధ్యాహ్నం అవుతుందట, లేస్తే. మంచం పట్టీ పట్టుకుని మేస్త్రీ భార్య నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ నా నోటుపుస్తకం తలకిందులుగా పట్టుకుని కుర్చీలో కూచున్నాడు. "గ్లాసులు ల్యాబుకి వెళ్ళాయి, రిపోర్టు రేపటికి గానీ రాదు. కోర్టుకి యాభై నిమిషాలుంది. ఆవిడ మాట్లాడలేదు. దీన్ని ఈ భూమ్మీద ఎవడూ చదవలేకపోతున్నాడు. చదవండి మహానుభావా."

చదివాను. ఆయన రాసుకున్నాడు. ఫ్లాస్కు, మూడున్నర, రెండు గ్లాసులు, కునుకు లేదు. తొమ్మిదీ ఇరవై మూడు దగ్గర ఆయన లేచి ఫోన్ తీశాడు.

"ఇంకా ఉందండీ" అన్నాను.

చివరి పేజీలో నాలుగు గీతలున్నాయి. అవి రాసినట్టు నాకు గుర్తు లేదు. చేతిరాత నాదే. వరస కిందికి జారిపోతూ పేజీ మూలకి పోయింది. పైన టైము వేసి ఉంది, పదీ యాభై ఎనిమిది. అంటే బెంచీ మీద. కళ్ళు మూతలు పడుతున్నా పక్కవాడు గొణుక్కున్నది నా చెయ్యి రాసుకుపోయింది.

"'రెండే వేశాను. ఐదు దాటేదాకా చాలనుకున్నాను'" అని చదివాను. "'మేస్త్రీక్కూడా రెండే. వాణ్ణి చంపింది ఆ కాఫీయే అనుకున్నాను, నేను కాదనుకున్నాను. తనిఖీ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరికి వేస్తూనే ఉన్నాను. ఎప్పుడూ సాయంత్రానికి లేచేవాళ్ళే.'"

మేస్త్రీ భార్య మంచం పట్టీ వదిలేసి నేల మీద కూలబడింది. "ఏదో బిళ్ళ ఇస్తున్నారే, గోళ్ళు బాగయ్యాయి చూడు అని నాకు చెయ్యి చూపించాడు" అంది. "నేనే... నేనే మందులేవీ లేవని చెప్పాను."

మా ఆవిడ వెళ్ళి ఆవిడ పక్కన నేల మీదే కూచుంది.

"'ఎప్పుడూ' అనే రాశారా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ముప్పై ఏళ్ళలో ఒక్క మాట నాది కలపలేదండీ."

ఆయన స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "ఆ కుర్రాణ్ణి కోర్టుకి తీసుకెళ్ళొద్దు. బయటికి తీసి కుర్చీ వెయ్యండి. వాళ్ళక్క వస్తోంది." ఫోన్ జేబులో పెట్టుకుని, టోపీ సరిచేసుకుని తలుపు తీశాడు.

మేనేజర్ పొద్దున్నించీ కానిస్టేబుల్ పక్కన ఆ బెంచీ మీదే ఉన్నాడట. అన్నం తినలేదట. తలుపు చప్పుడుకి ఆశగా లేచి నిలబడ్డాడు.

"లేచిందా అండీ?" అని అడిగాడు.

అదీ రాసుకున్నాను. నాలుగూ ముప్పై ఒకటి.